సుబ్బి పెళ్ళి వెనుక లెక్క

గురజాడ అప్పారావు నాటకం 'కన్యాశుల్కం'లోని గిరీశం చాలామందికి తెలుసు. మరి ఆ పాత్ర పుట్టిన కాలం?

'కన్యాశుల్కం' మీద ఎక్కడ చర్చ పెట్టినా గిరీశం మాటలకే నవ్వులు. నాటకానికి గురజాడ 1897లో రాసిన ముందుమాట మాత్రం గొంతులో ముద్ద దిగనివ్వదు. ఆ ముందుమాట ప్రకారం, విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళను, అంటే డబ్బు తీసుకుని ఆడపిల్లనిచ్చిన పెళ్ళిళ్ళను, విజయనగరం మహారాజు ఆనంద గజపతి లెక్కకట్టించారు: 1,034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు.

ఏడాది పిల్ల! ఇంకా తప్పటడుగులే.

ఈ అంకెలు విన్నాక, నాటకంలో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి ముసలి లుబ్ధావధాన్లకు అంటగట్టడం వట్టి తమాషాగా కనిపించదు. మేనకోడలు సుబ్బిని ఆ ముసలాయనతో పెళ్ళి నుంచి కాపాడుకునే తెగింపు అది. నాటకానికి ముందు ఆ ముందుమాటను పదినిమిషాలు చదివి మాట్లాడుకోవచ్చు. ఏ బడి వరండా అయినా చాలు.