పాత తుపాకి వెల

అమెరికాలో కాపురమున్న మా మిత్రుడొకడు ఇటీవల మాకొక జాబు వ్రాసెను. అచ్చటి దుకాణమున సైన్యము విడిచిన పాత రైఫిలొకటి అమ్మకమునకున్నదట. అది బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమున చేసిన లీ-ఎన్‌ఫీల్డు. కొనవలెనని మనసు లాగుచున్నది, కొనరాదనియు తోచుచున్నది. మీరేమందురని ఆయన ప్రశ్న. చంపుటకై పుట్టిన వస్తువును తెలిసి ఇంటికి తెచ్చుకొనువాని ధర్మమేమి? మేము విచారింపదలచినది ఇదియే.

కొనువారు ముందుగా గొట్టములోనికి వెలుతురు చూపి, మెలితిరిగిన చాళ్ళు నిలిచియున్నవో, అరిగిపోయినవో పరికింతురు. బోల్టుమీది సంఖ్యయు దేహముమీది సంఖ్యయు ఒక్కటియేనా యని పోల్చిచూతురు. కవాతునకు మాత్రమేయని ముద్రపడిన తుపాకిని పేల్పదలచినవారు కొనరు. గొట్టమున త్రుప్పుగుంటలుండుటయు కలదు. దానికి కారణమిది: పూర్వపు తూటాల రంజకమున పొటాసియము క్లోరేటు ఉండెడిది. అది కాలి ఉప్పుగా మిగిలి, గాలిలోని తడిని పీల్చి, ఇనుమును తినివేయును. ఆ యుప్పు నూనెకు కరగదు, నీటితో కడుగవలెను. పేల్చినవాడు కడుగక విడిచిన ఉప్పు, ఎన్నడో కొనినవానికి త్రుప్పై కనబడును.

తుపాకి చరిత్రయు ఇట్టిదే. 1919 ఏప్రిలు 13న అమృతసరమున, జలియన్‌వాలాబాగులో, నిరాయుధులపై 1,650 తూటాలు కురిసినది ఈ జాతి రైఫిళ్ళనుండియే. 1944లో ఇంఫాలు, కొహిమాలయొద్ద మన సిపాయిలు జపాను సేనను నిలిపినదియు వీనితోనే. కావున ఇనుమునకు పాపపుణ్యములు లేవని కొందరందురు. నిజమే. కాని ఇనుమునకు లేని బాధ్యత దానిని పట్టిన చేతికి కలదు గదా!

చౌకదనము ఈ బాధ్యతను మరపించును. 1963లో ఒకడు ఇటలీ సైన్యపు పాత రైఫిలును, గురిచూచు దుర్భిణితో సహా, 19 డాలర్ల 95 సెంట్లకు మారుపేరుతో టపాలో తెప్పించుకొనెను. అమ్మినవాడు కొనినవాని ముఖమైనను చూడలేదు. ఆ యేటి నవంబరు 22న అధ్యక్షుడు కెనడీ ఆ రైఫిలు తూటాలకు బలియయ్యెను. అట్టి టపా వర్తకమును అరికట్టిన చట్టము 1968లో గాని రాలేదు.

మా మిత్రుడు హంతకుడు కాడు, సాధువు. అయినను ఇంటనున్న తుపాకి యజమాని శీలమును అడిగి పేలదు. ఆ దేశమున తుపాకులవలని మరణములలో సగమునకు మించినవి ఆత్మహత్యలు. పగవానికి వెరచి కొనిన ఆయుధమైనను, ముచ్చటకు కొనిన ఆయుధమైనను, దుఃఖమున మునిగిన బిడ్డ చేతికి అందవచ్చును.

విరాటుని కొలువునకు పోవుచు పాండవులు తమ ఆయుధములను శవమువలె మూటగట్టి జమ్మిచెట్టుపై దాచిరి. పరులకు అందకుండుటకే కాదు, అక్కరలేని కాలమున తమ చేతికిని అందకుండుటకు. దసరానాడు మనము జమ్మి యాకులు పంచుకొందుము. ఆయుధములకు పసుపుకుంకుమలు పెట్టుదుము. దాచుటయు పూజలో భాగమేయని మాత్రము మరచితిమి.

కాబట్టి కొనుట పాపమని మేమనము. అయితే దుకాణమున చెల్లించునది వెలలో సగమే. తుపాకికి తాళము వేయుట, తూటాలను వేరొకచోట దాచుట, ఇంటివారిలో నొకరి మనసు చెదరినయెడల దానిని ఇల్లు దాటించుట, కొహిమాతోపాటు అమృతసరమునుగూర్చియు పిల్లలకు చెప్పుట, ఇవి మిగిలిన సగము. అది చెల్లింపలేనివాడు ఎంత చౌకగా దొరికినను కొనరాదు. మిత్రునికి మేము వ్రాసిన ప్రత్యుత్తరమిదియే.