రిటైర్మెంటు ఇద్దరికీ రావాల

అమ్మీ,

అల్లుడు ఉద్యోగం విరమించి ఇల్లు చేరినాడని తెలిసి మీ పెద్దనాయనా నేనూ సంతోషపడినాం. "ఇంక ఇద్దరికీ కావలసినంత తీరిక. ఏవైనా సరదాలు పెట్టుకుందామనుకుంటున్నాం, ఏం చేస్తే బాగుంటుంది పెద్దమ్మా?" అని అడిగినావు. నాకు తోచింది చెబుతా. ఈ జాబు అల్లునికి కూడా చదివి వినిపించు.

ఇద్దరికీ తీరిక అన్నావు చూడు, ఆ మాట కాడనే నేను ఆగినా. మన రాష్ట్ర ప్రభుత్వం 2022లో విరమణ వయసును 60 నుంచి 62కు పెంచింది. అల్లునికి 62 నిండినాయి, దండలేసి పంపించినారు. పొయ్యి కాడ ఉండే నీకు ఏ వయసు రాసినారు? ఆయన ఇంట్లోనే ఉంటాడు కాబట్టి నడిమధ్యలో ఇంకో రెండు సార్లు కాఫీ పెట్టడం నీకు కొత్తగా వచ్చిన పని. ఇట్లే సాగితే సరదాలు ఆయనవీ, చాకిరి నీదీ అవుతుంది.

అందుకని అల్లుడు నాయనా, మొదటి సరదా వంటింట్లోనే పెట్టుకో. సంగటి కెలకడం నేర్చుకో. తెడ్డు తిప్పడానికి రెక్కల బలం కావాల, అది మా అమ్మి కంటే నీకే ఎక్కువ. మొదట్లో ఉండలు కడతాయి, కట్టనీ. అమ్మీ, నువ్వు పక్కన నిలబడి వంకలు పెట్టొద్దు. ఆ పూట ఉండలతోనే తిని నవ్వుకోండి. వారంలో కొన్ని పూటలు పొయ్యి ఆయనకు వదిలిపెడితేనే నీకు నిజంగా తీరిక చిక్కేది.

ఇంక మన సీమలో ఏ సరదా అయినా ఎండను అడిగి పెట్టుకోవాల. మార్చి దాటితే పొద్దు పొడవకముందే నడక ముగించుకుని రావాల. తుంగభద్ర ఒడ్డుకు ఒకనాడు, మీ ఊరి కొండారెడ్డి బురుజు వైపు ఒకనాడు పోండి. సుంకేసుల నుంచి మా కడప దాకా నీళ్లు తెచ్చే కె.సి. కాలువ కథ తెలుసుకుంటే కట్ట మీద నడుస్తూ చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. మాపటేల మిద్దె మీద కుండీలు చూసుకోండి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పోస్తే కరివేపాకు, పుదీనా, వంగ చక్కగా వస్తాయి. మన ఊళ్లల్లో నీళ్లు పారబోసే తోట పనికిరాదు.

మధ్యాహ్నం బయట నిప్పులు చెరుగుతుంటే బండల మీద సుద్దముక్కతో పులిజూదం గీయండి. 3 పులులు, 15 మేకలు. పాత గుళ్ల మండపాల్లో ఈ గీతలు చెక్కి ఉండటం మీరూ చూసే ఉంటారు. ఒక ఆటలో పులులు ఆయనవైతే, మరుసటి ఆటలో నీవి కావాల. ఎప్పుడూ ఒకరే పులి అయితే రెండోవాళ్లకు ఆట మీద మనసు విరిగిపోతుంది.

అన్నీ కలిసే చేయాలని మాత్రం పట్టు పట్టొద్దు. తాళ్లపాక దంపతులను చూడండి. అన్నమయ్య సంకీర్తనలు చెప్పినాడు, తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. ఆయన తోవ ఆయనది, ఆమె తోవ ఆమెది. తెలుగులో తొలి కవయిత్రి అనే పేరు ఆమెకు భర్త వల్ల రాలేదు. నువ్వు హార్మోనియం నేర్చుకుంటానంటే అల్లునికి సంగీతం రాకపోయినా ఫరవాలేదు. గది తలుపు వేసి నీకు గంటసేపు వదిలిపెడితే చాలు. ఆయన ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి వచ్చి రోజంతా పుస్తకాలు తిరగేస్తానంటే నువ్వు మూతి ముడుచుకోవద్దు. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే అది వెలిసింది. వచ్చినప్పుడు భోజనానికి మా ఇల్లుంది.

కలిసి చేసేవాటిలో ఒకటైనా ఇద్దరికీ కొత్తదై ఉండాల. తెలిసినదాంట్లో ఒకరు పంతులు, ఒకరు బడిపిల్ల అయిపోతారు. కొత్తదాంట్లో ఇద్దరూ పలక పట్టినవాళ్లే. పిట్టలను చూడటం మొదలుపెట్టండి. నందికొట్కూరు పక్కనే రోళ్లపాడు ఉంది. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేసినారు. ఇప్పుడు ఆ పిట్ట కనబడటం గగనమే గానీ, గడ్డి మైదానంలో కృష్ణజింకలు గంతులేస్తుంటాయి. దీనికి డిగ్రీలు అక్కర్లేదు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మా లంకమల అడవుల్లో మళ్లీ కనబడిందంటే, అడవి తెలిసిన ఐతన్న అనే పల్లె మనిషి వల్లనే. ఓపిగ్గా చూసే కన్ను ఉంటే చాలు.

ప్రయాణాలకు మోకాళ్లను అడిగి బయలుదేరండి. బెలుం గుహల్లో దాదాపు కిలోమీటరున్నర నడవాల, లోపల ఉక్కపోత, మెట్లు. అది ఇప్పుడే చూసేయండి, వాయిదా వేయొద్దు. గండికోట చలికాలంలో బాగుంటుంది. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం వెన్నెల్లో జరుగుతుంది, జనం విపరీతంగా ఉంటారు. ముందురోజే మా ఇంటికి వచ్చి దిగండి, అందరం కలిసి పోదాం.

సిగ్గుపడొద్దు అని కూడా చెప్పాల. ఈ వయసులో మొగుడూపెండ్లాలు చెక్కభజనలో కలిసి అడుగేస్తే నవ్వుతారని కొందరికి బెరుకు. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన సురభి నాటకాల వాళ్లు ఇంటిల్లిపాదీ రంగస్థలం ఎక్కినారు. మొగుడూ పెండ్లామూ ఒకే వేదిక మీద వేషం కట్టిన నేల ఇది. మీరు గుడి ముందర అడుగేస్తే తప్పేముంది?

పట్టిన ప్రతి సరదా నిలవాలని లేదు. నచ్చకపోతే వదిలేసి ఇంకొకటి పట్టుకోండి, ఎవరూ మార్కులు వేయరు. డబ్బు ఖర్చయ్యేదాన్ని మటుకు నాలుగు దినాలు అరువు సామానుతో చేసి చూసి, తర్వాతే కొనండి. పిల్లలకు సెలవు దొరికితే తీసుకుపోతారులే అని కూర్చోవద్దు. వాళ్ల సెలవులు వాళ్ల పిల్లలకే చాలవు. ఒళ్లు సహకరిస్తున్నప్పుడే మీ ఇద్దరూ బస్సెక్కండి.