ధనియుడి కలప

"నా ఫోను, నా గొంతు, నువ్వు రాసిన యాప్. మధ్యలో ఎక్కడ దాచాలో చెప్పమనడానికి వీడెవడు నాయనా?" అన్నారు మాస్టారు.

ఆయన మధురవాడలో మా వీధిలోనే ఉండే రిటైర్డ్ తెలుగు పండితులు. వాళ్ల భజన బృందానికి నేనో చిన్న యాప్ రాసిచ్చాను. పాడింది రికార్డవుతుంది, సాహిత్యం పీడీఎఫ్‌గా దాచుకోవచ్చు. పాత ఫోన్లో సేవ్ నొక్కితే చాలు, ఫైలు ఏదో ఒకచోట పడేది. కొత్త ఫోన్లో ఫోల్డర్ల తెర లేచి చోటు చూపించమంటుంది. భజన మధ్యలో ఇదేం గోల అని ఆయన కోపం.

సాంకేతికంగా జవాబు చిన్నదే. ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో స్టోరేజ్ పర్మిషన్ అంటే ఒకటే పెద్ద తలుపు. 2015లో ఆరో వెర్షన్ వచ్చేదాకా యాప్ వేసుకునేటప్పుడే అన్నిటికీ కలిపి ఒప్పుకోవాలి. ఆ తర్వాత వాడే సమయంలో అడగడం మొదలైంది కానీ తలుపు వెడల్పు తగ్గలేదు. పాట దాచుకుంటానని లోపలికొచ్చిన యాప్ మీ పెళ్లి ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్ కాపీ అన్నీ చదివేయొచ్చు. 2019లో ఆండ్రాయిడ్ 10 ఈ పద్ధతి మార్చింది. 2020లో 11 దాన్ని బిగించింది. దీన్నే స్కోప్డ్ స్టోరేజ్ అంటారు. ఇప్పుడు ప్రతి యాప్‌కీ సొంత గది ఉంటుంది. అక్కడ ఏం దాచుకున్నా అడిగేవాడు లేడు, యాప్ తీసేస్తే గది కూడా పోతుంది. తను తయారుచేసిన పాటను మ్యూజిక్ ఫోల్డర్లో పెట్టడానికీ అనుమతి అక్కర్లేదు. గదికి బయట వాడేవాళ్లు కోరిన చోట దాచాలన్నా, ఇంకొకరు చేసిన పీడీఎఫ్ తెరవాలన్నా మాత్రం సిస్టమ్ తన తెర లేపుతుంది. చోటు చూపించాల్సింది ఫోను పట్టుకున్న మనిషే.

ఇదంతా విని మాస్టారు, "అంటే దొంగల భయమన్నమాట" అని తేల్చేశారు.

దొంగతనం అనే మాటతో ఈ వ్యవహారం తేలదని నా అనుమానం. దొంగతనమైతే సొమ్ము పోవాలి. ఎవడో మీ ఫొటోను కాపీ చేసుకుంటే మీ గ్యాలరీలో ఫొటో అలాగే ఉంటుంది, ఫిర్యాదు చేద్దామంటే పోయిన వస్తువే లేదు. అయినా ఏదో జరిగిందని మనసుకు తెలుస్తుంది. ఆ ఏదో ఏమిటో బౌద్ధుల రెండో శీలం సూటిగా చెబుతుంది. అది సొమ్ము పోయిందా లేదా అని చూడదు. ఇవ్వనిది తీసుకోకు, అంతే. జైనుల మూడో వ్రతం కూడా అదే. నష్టం ఎంతో లెక్కకట్టే పని లేకుండా, ఇచ్చారా లేదా అన్న ఒక్క ప్రశ్న మిగులుతుంది.

అయితే ఇవ్వడం అంటే ఏమిటి? బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలో ధనియుడి కథ దీనికోసమే ఉందేమో అనిపిస్తుంది నాకు.

ధనియుడు కుమ్మరి కొడుకు, భిక్షువు. రాజగృహం దగ్గర కొండవాలులో గడ్డీ కర్రా తెచ్చి గుడిసె వేసుకున్నాడు. ఆయన భిక్షకు వెళ్లినప్పుడు గడ్డి కోసేవాళ్లు, కట్టెలు ఏరేవాళ్లు దాన్ని పీక్కుపోయారు. మళ్లీ వేశాడు, మళ్లీ పోయింది. మూడోసారీ అంతే. కులవిద్య చేతిలో ఉంది కదా అని మట్టితోనే ఇల్లు కట్టి కాల్చాడు. ఎర్రగా ముచ్చటగా ఉందట. మట్టి తొక్కి కాల్చడంలో ఎన్ని జీవాలు చచ్చాయో అని బుద్ధుడు దాన్ని పగలగొట్టించాడు. ఇక ధనియుడు రాజుగారి కలప దాచే చోటికి వెళ్లి, ఈ కర్రలు రాజు నాకిచ్చినవే అన్నాడు. భిక్షువు అబద్ధమాడడని నమ్మిన కాపలాదారు, ఇచ్చి ఉంటే పట్టుకెళ్లండి అన్నాడు. అది నగరం మరమ్మతులకనీ ఆపద వస్తే పనికొస్తుందనీ దాచిన కలప. మంత్రి వస్సకారుడు తనిఖీకి వస్తే కలప లేదు. కాపలాదారుకు సంకెళ్లు పడ్డాయి. అతన్ని తీసుకుపోతుంటే చూసి ధనియుడు కూడా రాజు బింబిసారుడి దగ్గరికి వెళ్లాడు.

నేనెప్పుడిచ్చాను అన్నాడు రాజు. పట్టాభిషేకం నాడు శ్రమణులకూ బ్రాహ్మణులకూ గడ్డీ కర్రా నీళ్లూ ఇచ్చానని మీరు ప్రకటించలేదా అని గుర్తుచేశాడు ధనియుడు. అన్నమాట నిజమే. కానీ ఆ మాట అడవిలో ఎవరిదీ కాని కర్ర గురించి, ఇసుమంత తప్పుకు కూడా జంకే మనుషుల గురించి అన్నది అని రాజు చెప్పాడు. భిక్షువువు కాబట్టి బతికిపోయావు, ఇంకెప్పుడూ ఇలా చేయకు అని పంపించేశాడు. ఆ తర్వాతే బుద్ధుడు నియమం పెట్టాడు. పూర్వాశ్రమంలో రాజోద్యోగం చేసిన ఒక భిక్షువును పిలిచి, ఎంత విలువైనది దొంగిలిస్తే మీ రాజు శిక్షిస్తాడు అని అడిగి, పాదం, అంటే ఐదు మాషాలు అని హద్దు గీశాడు. అంతకు తక్కువ కానిది దొంగబుద్ధితో తీసుకున్నవాడు ఇక భిక్షువు కాడు. మొదటి దోషి కాబట్టి ధనియుడికి ఆ నియమం వర్తించలేదు. (ఆండ్రాయిడ్ 10 కూడా పాత యాప్‌లు కొన్నాళ్లు పాత పద్ధతిలోనే సాగేందుకు వీలిచ్చింది. నియమాలు రాసేవాళ్ల బుద్ధి ఎక్కడైనా ఒకటే!)

ధనియుడి తెలివి చూడండి. పచ్చి అబద్ధం ఆడలేదు. ఎప్పుడో, ఇంకెందుకో, అందరినీ ఉద్దేశించి అన్న మాటను తన అవసరానికి లాక్కున్నాడు. మా వృత్తిలో రోజూ జరిగేది ఇదే. పాట దాచడానికని నొక్కిన 'అలౌ' పట్టాభిషేకం నాటి ప్రకటన. దాన్ని చూపించి కలప దాకా వెళతారు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం సమ్మతి స్వేచ్ఛగా ఉండాలి, ఫలానా పనికని ఉండాలి, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలిగి ఉండాలి అంటుంది. బింబిసారుడు చదివితే తన మాటే చట్టమైందని సంతోషించేవాడు.

ఇవ్వడం ఎలా జరగాలో కూడా వినయ నియమాల్లో ఉంది. భిక్షువు ఆహారాన్ని తనంతట తాను తీసుకుని తినకూడదు. ఇచ్చేవాడు చేతికందే దూరంలో నిలబడి అందించాలి. నీళ్లకూ పళ్లు తోముకునే పుల్లకూ మాత్రమే మినహాయింపు. అన్నం ఎదురుగా ఉన్నా, ఇంటావిడ పెడదామనే అనుకుంటున్నా, ఎవరో ఒకరు అందించకపోతే అది ఇవ్వనిదే. జైన సాధువు ఇంటి యజమానిని అడిగి, ఎంత చోటు, ఎన్నాళ్లు అన్నది తేల్చుకున్నాకే దిగుతాడు. మాస్టారికి చిరాకు తెప్పించిన ఫోల్డర్ల తెర చేసే పని ఇదే. పాట దాచినంత సేపట్లో ఒక చేయి ఒక ఫైలును అందిస్తుంది. ఫలానా ఫోల్డర్ ఎప్పటికీ వాడుకో అని ఒకసారి ఇచ్చారనుకోండి, యాప్ అది గుర్తుపెట్టుకుంటుంది. వద్దనుకున్నప్పుడు మీరు వెనక్కి తీసుకోవచ్చు.

ఇచ్చేవాడు సిద్ధమైనా పుచ్చుకోకూడనివీ ఉన్నాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ తెరలో మొత్తం స్టోరేజీనిగానీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నిగానీ గంపగుత్తగా ఒక యాప్‌కి రాసివ్వడం కుదరదు. మీ ఫోనే, మీ ఇష్టమే, అయినా కుదరదు. భిక్షువుకు బంగారం, వెండి ఎవరు ఇచ్చినా చెల్లనట్టే. ఇచ్చేవాడి స్వేచ్ఛను కూడా కట్టేశారేమిటని మాస్టారు అడిగితే నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఆ గీత గీసిన సంస్థ ప్రకటనల మీద సంపాదిస్తుందన్నదీ మరిచిపోలేను. నియమం ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందనీ అనను. భీమిలి రోడ్డులో తొట్లకొండ మీద భిక్షువుల గదుల వరసలు చూస్తే ముచ్చటేస్తుంది. అక్కడి తవ్వకాల్లోనే శాతవాహన నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి.

నియమం సంగతి అలా ఉంచితే, తాళం వేసి ఉన్నందువల్ల తీసుకోలేకపోవడం శీలమవుతుందా? బౌద్ధ వ్యాఖ్యాతలు విరతిని, అంటే తప్పు చేయకుండా ఆగడాన్ని, మూడుగా విడదీసి చూపించారు. అవకాశం ఎదురుపడ్డప్పుడు వెనక్కి తగ్గడం ఒకటి, ముందే వ్రతం పట్టి ఉండటం ఇంకొకటి, కోరికే తెగిపోవడం మూడోది. చేతులు కట్టేసినందువల్ల తీసుకోనివాడికి ఈ మూడింట్లో దేనిలోనూ చోటు లేదు. కాబట్టి స్కోప్డ్ స్టోరేజ్ వల్ల ప్రోగ్రామర్లు మంచివాళ్లయ్యారని నేను నమ్మను. తాళం తీసి ఉన్న చోటే మా పరీక్ష.

అలాంటి చోటు ఒకటుంది. ఫైల్ మేనేజర్లు, బ్యాకప్ యాప్‌ల వంటివాటి కోసం 'ఆల్ ఫైల్స్ యాక్సెస్' అని ఒక పర్మిషన్ మిగిల్చారు. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఎందుకు కావాలో రాసివ్వాలి. బిల్లులు స్కాన్ చేసే యాప్ రాయమని వచ్చిన వ్యాపారి ఒకాయన అది పెట్టమన్నారు. "ఏదో కారణం రాసేద్దాం గురూ, జనం ఎలాగూ నొక్కేస్తారు" అన్నారు. బిల్లు ఫొటో తీసి దాచడానికి సొంత గది చాలు, ఆ తెర చాలు అని చెప్పాను. ఆయన ఇంకో ప్రోగ్రామర్‌ను చూసుకున్నారు. జనం నొక్కుతారన్నది నిజమే. కాపలాదారు కూడా కలప తీసుకెళ్లమన్నాడు.

మాస్టారి ప్రశ్నలో ఇంకో ముడి ఉంది. ఆయన ఒకసారి యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నారు. డౌన్‌లోడ్స్‌లో ఉన్న పీడీఎఫ్‌లు అక్కడే ఉన్నాయి కానీ కొత్తగా వచ్చిన యాప్‌కి అవి కనిపించలేదు. పేరు అదే, సంతకం అదే, రాసింది అదే యాప్. అయినా సిస్టమ్ దృష్టిలో అది ఆ ఫైళ్లకు యజమాని కాదు. వాటిని చూడాలంటే మాస్టారే తెరలో వేలితో చూపించాలి. "చేసినవాడికే హక్కు లేదా?" అని విస్తుపోయారాయన, భగవద్గీత తిరగేసి చదివిన మనిషి. చేసినంత మాత్రాన సొంతం కాదు మాస్టారూ, పాట మీది కాబట్టి మీరిస్తేనే దానిది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, మూడుసార్లు నొక్కాల్సి వస్తోందనే అన్నారు. ఆ మాటా నిజమే. ఇచ్చేటప్పుడు ఆగి ఇవ్వాలంటే ఆ మాత్రం ఆలస్యం తప్పదనే నా పక్షం.

ఇది చదివాక ఒక పని చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, స్పెషల్ యాప్ యాక్సెస్ తెరిచి, అందులో ఆల్ ఫైల్స్ యాక్సెస్ చూడండి. అక్కడున్న ఒక్కో పేరు దగ్గరా ఆగి, మీ కలపంతా దీనికి ఎందుకిచ్చారో అడగండి. కారణం తోచకపోతే ఆపేయండి. యాప్ నిజంగా మంచిదైతే, అవసరమైనప్పుడు మళ్లీ అడుగుతుంది.