ఊరు బాగుపడిందంటే ఎవరు బాగుపడినట్లు?

మూతపడిన మిల్లుల్లోనూ పాత గిడ్డంగుల్లోనూ చిత్రకారులకు, డిజైనర్లకు, కొత్తగా మొదలుపెట్టే చిన్న కంపెనీలకు చోటిచ్చి, వారి చలవతో చితికిన ఊళ్లను మళ్లీ నిలబెట్టవచ్చునన్న ఆలోచన ఇవాళ దేశదేశాలకూ పాకింది. కొత్త కంపెనీల కోసం హైదరాబాదులో 2015లో టీ-హబ్ వెలసింది. మన ఫ్రీమాంట్‌లో వార్మ్ స్ప్రింగ్స్ ప్రాంతాన్ని నగరపాలకులు ‘ఇన్నొవేషన్ డిస్ట్రిక్ట్’ అని పిలుస్తున్నారు. 2017లో బార్ట్ రైలు అక్కడిదాకా వచ్చింది. ఇవి అనవసరమని మేము అనబోవడం లేదు. అయితే ‘ఊరు బాగుపడింది’ అన్నప్పుడు ఊరంటే ఎవరు? నేలా, కట్టడాలా, మనుషులా? మనుషులైతే, ఏ మనుషులు?

వైద్యులమైన మాకు నిత్యం ఎదురయ్యే తేడా ఒకటి ఇక్కడ పనికివస్తుంది. ఆరోగ్యవంతమైన కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసివేసినా, మిగిలిన భాగం మళ్లీ దాదాపు మునుపటి పరిమాణానికి పెరుగుతుంది. పెంచేది అక్కడ మిగిలి ఉన్న కణాలే. గుండెపోటులో చచ్చిన కండరం అలా పెరగదు; ఆ చోట మచ్చ కడుతుంది. గాయం మానినట్లే, కాని ఆ మేర గుండె ఇక కొట్టుకోదు. రెంటినీ మానడమనే అంటాము; రెండూ ఒకటి కావు.

మొదటి రకం మానడానికి నిదర్శనం ఫ్రీమాంట్‌లోనే ఉంది. 1960ల మొదట్లో జనరల్ మోటార్స్ వారు ఇక్కడ తెరిచిన కార్ల కర్మాగారం గైరుహాజరులకూ, తగాదాలకూ, నాసిరకం పనికీ పేరుమోసి 1982లో మూతపడింది. 1984లో అదే కప్పు కింద జనరల్ మోటార్స్, టొయోటా కలిసి ‘నమ్మీ’ అనే కంపెనీ నడపసాగాయి. మొదట పనిలోకి తీసుకున్న వారిలో అత్యధికులు పాత కార్మికులే. యూనియన్ కూడా పాతదే. వారిలో వందల మందిని జపానుకు పంపి అక్కడి పద్ధతి చూపించారు. లోపం కంటబడితే మామూలు కార్మికుడే తాడు లాగి లైను ఆపించవచ్చునన్నారు. కొద్దికాలంలోనే గైరుహాజరు బాగా తగ్గింది. ఇక్కడి కార్లు నాణ్యతలో జనరల్ మోటార్స్ కర్మాగారాలన్నింటిలో ముందు వరుసకు వచ్చాయి. ఎందుకూ పనికిరారనిపించుకున్న మనుషులే ఈ పని చేసి చూపారు. సృజన డిగ్రీ పట్టాతోనే వచ్చేదైతే ఇది జరిగేది కాదు.

ఆ నమ్మీ కూడా 2010 ఏప్రిల్ 1న మూతపడింది. సుమారు 4,700 మంది ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది ఆ కట్టడాన్ని టెస్లా కొన్నది. 2012లో అక్కడి నుంచి మోడల్ ఎస్ విద్యుత్ కార్లు బయటికి వచ్చాయి. కట్టడం నిస్సందేహంగా బతికింది. కాని కట్టడం రెండేళ్లు ఎదురుచూడగలదు. ఇంటి అప్పు తీరుస్తున్న కార్మికుడు రెండు నెలలు ఎదురుచూడలేడు.

కళ వస్తే ఊరు నిలుస్తుందనుకునేవారు నైల్స్ వీధిలో ఒకసారి నడవాలి. 1956లో ఐదు ఊళ్లు కలిసి ఫ్రీమాంట్ నగరమైంది. వాటిలో ఒకటి నైల్స్. 1912లో ఎసనే కంపెనీ తరఫున బ్రాంకో బిల్లీ ఆండర్సన్ అక్కడ సినిమాలు తీయడం మొదలుపెట్టాడు. 1915లో చాప్లిన్ వచ్చి ‘ది ట్రాంప్’ తీశాడు. 1916లో స్టూడియో మూసేశారు. నేడక్కడ మూకీ చిత్రాల మ్యూజియం ఉంది, పాత సామాన్ల దుకాణాలున్నాయి. చూడముచ్చటైన వీధి. అయినా ఊరిలో వేళ్లూనని సృజన గుడారం వంటిది. ఎత్తివేయడానికి ఒక్క ఉత్తర్వు చాలు.

ఇదే ప్రశ్నతో మన వైపూ చూద్దాము. వరంగల్లులో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. మిల్లు నేలలో కొంత ఇళ్ల స్థలాలుగా మారింది. నేత పని తెలిసిన చేతులు అప్పటికే సూరత్‌కూ భివండీకీ వలసపోతున్నాయి. వారు తిరిగి వస్తారన్న ఆశ చూపి 2017లో వరంగల్లు దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. ఆ పార్కుకు మా కొలబద్ద ఒక్కటే: ఎన్ని కోట్లు పెట్టారన్నది కాదు, భివండీ నుంచి ఎన్ని కుటుంబాలు తిరిగి వచ్చాయన్నది.

“మీరూ నేనూ వలస వచ్చినవాళ్లమే కదా, ఈ మాట మనమెలా అంటాము?” అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వచ్చినవారు ఊరికి ప్రాణం పోస్తారు. 1980ల నుంచి ఆఫ్ఘన్ కుటుంబాలు వచ్చి ఇక్కడి సెంటర్‌విల్ వీధికి కొత్త కళ తెచ్చాయి. రావడం తప్పు కాదు. ఒకరు వస్తే మరొకరు లేచిపోక తప్పని ఏర్పాటు తప్పు. కూలివాళ్ల పేటల్లోకి కలవారు దిగితే పాతవారు నిలవలేకపోవడాన్ని లండన్‌లో గమనించి రూత్ గ్లాస్ 1964లోనే దానికొక పేరు పెట్టారు. సృజనశీలుర వల్లనే నగరాలు వర్ధిల్లుతాయని 2002లో పుస్తకం వ్రాసిన రిచర్డ్ ఫ్లోరిడా, 2017లో మరో పుస్తకం వ్రాసి, ఆ వర్ధిల్లడమే అసమానతను పెంచిందని ఒప్పుకున్నారు.

మనం ఈ కథకు ప్రేక్షకులం కాము. మన జీతాలు ఈ ఊరి ఇళ్ల ధరలను పెంచాయి. మన డాలర్లు అక్కడ ప్లాట్ల ధరలను పెంచాయి. ఇల్లు అమ్ముకునేవాడు సంతోషిస్తాడు. అద్దెకుండే బడి ఆయమ్మ, మన దోసెలు వేసే వంటవాడు, మన ఆస్పత్రి నేల తుడిచే మనిషి తెల్లవారుజామున రెండు గంటలు ప్రయాణం చేసి వస్తున్నారు. అటువంటివారి కోసం మన వీధి చివర అపార్ట్‌మెంట్లు కడతామంటే, నగర సభకు వెళ్లి వద్దనేవారిలో మనవాళ్లూ కనిపిస్తున్నారు. పిల్లల బడి, ట్రాఫిక్కు అంటూ మనం చెప్పే కారణాలు అబద్ధాలు కావు. అయితే మనకు చోటిచ్చిన ఊరు మన తరువాత తలుపు మూసుకోవాలనడం ఏ ధర్మమో మాకు బోధపడడం లేదు.

నగర సభలో ఈసారి అటువంటి ప్రతిపాదన వచ్చినప్పుడు మనలో పదిమందిమైనా వెళ్లి ‘కట్టండి’ అని చెప్పాలని మా మనవి. కాదనేవారు తమ వాదం వ్రాసి పంపితే వచ్చే సంచికలో చర్చ సాగిద్దాము.