ఓర్చుకోవద్దు పాపా

కడప,
ఉగాది వెళ్లిన మూడోరోజు

చి. పాపకు మీ అత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు బెంగళూరు బస్సెక్కినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. పండుగనాడు దేవుని కడప గుడిలో ప్రదక్షిణం చేస్తా చేస్తా ఆగి, చున్నీ కొసతో ఎడమకన్ను ఒత్తుకున్నావు. ఏమైందంటే, "ఏంలేదత్తా, లెన్సు. కొన్నాళ్లకు అలవాటైపోతుంది" అన్నావు. మీ అమ్మ పక్కనే ఉందని నేనేం మాట్లాడలేదు. ఆ రాత్రి ఫోను చూస్తా చూస్తా అట్లే నిద్రపోయినావు. లెన్సు డబ్బా కిటికీలో పెట్టింది పెట్టినట్లే ఉంది. దుప్పటి కప్పేదానికి వచ్చి చూసినాను.

ఫోనులో చెప్తే "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకని జాబు రాస్తున్నాను.

నీకు నాలుగేండ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని, నా కుడికంటికి వేలు చూపించి, "అత్తా, నీ కంట్లో బియ్యపుగింజ ఉంది, తీసేదా" అన్నావు. అందరూ నవ్వినారు. మీ జేజి మాత్రం లేచి వంటింట్లోకి పోయింది. ఎందుకు పోయిందో నీకు ఎవరూ చెప్పలేదు.

ఏడో తరగతి నుంచి నాకు అద్దాలు. మందం అద్దాలు. బడిలో నా పేరు సోడాబుడ్డి. మీ నాయన చిన్నోడు, వాడు కూడా ఆ పేరుతోనే పిలిచేవాడు, మీ జేజి చేతిలో దెబ్బలు తినేవాడు. బీయస్సీ అయినాక రెండు సంబంధాలు అద్దాల దగ్గరే ఆగిపోయినాయి. ఒకరైతే మొహమాటం లేకుండా, "రేపు పుట్టే పిల్లలకూ వస్తే?" అని అడిగి పోయినారు. అప్పుడు మద్రాసులో ఉండే మా పిన్నమ్మ కొడుకు చెప్పినాడు, కంట్లోనే పెట్టుకునే అద్దాలు వచ్చినాయి, బయటికి కనపడవు అని. 1986లో, నాకు 22 ఏండ్లు, మీ అబ్బా నేనూ రాత్రి బొంబాయి మెయిలెక్కి మద్రాసు పోయినాము.

అంగడిలో లెన్సులు పెట్టి చూపించినారు. అద్దంలో నా మొహం నాకే కొత్తగా కనిపించింది. రోజూ రాత్రి తీసి, ఉప్పునీటిలో వేసి, వాళ్లిచ్చిన చిన్న గిన్నెలో వేడిచెయ్యాలన్నారు. సీసాడు నీళ్లిచ్చినారు. అయిపోతే ఏం చెయ్యాలో మేము అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

నన్ను చూసేదానికి ప్రొద్దుటూరు వాళ్లు బేస్తవారం వస్తామని కబురు పెట్టినారు. మంగళవారం సీసా ఖాళీ. నేను కడవలో నీళ్లతో కడిగి పెట్టుకున్నాను. మన బోరు నీళ్లు నీకు తెలుసు కదా, రెండుసార్లు కాస్తే గిన్నెలో సున్నం పట్టినట్లు తెల్లగా అట్ట కడతాయి. బుధవారానికి కుడికన్ను మండటం మొదలైంది, వెలుతురు చూడలేకపోయినాను. తీస్తే మళ్లీ పెట్టుకోలేనేమోనని భయం. ఇంకొక్క పూట ఓర్చుకుంటే సరిపోతుంది అనుకున్నాను. లెన్సుతోనే పడుకున్నాను.

బేస్తవారం వాళ్లు వచ్చినారు. ఎర్రకన్నుతో, నీళ్లు కారతా కూర్చున్నాను. పిల్ల ఏడ్చినట్లుంది, ఈ పెళ్లి ఇష్టంలేదేమో అనుకుని వెళ్లిపోయినారు.

మా అమ్మ కళ్లకలక అనుకుంది. పెరట్లో నందివర్ధనం పూలు కోసి, తడిపి కంటిమీద పెట్టింది. శనివారానికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలింది. మళ్లీ మద్రాసు. నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు. గంటకొకసారి చుక్కలు వెయ్యాలి, పగలూ రాత్రీ. రాత్రిళ్లు గడియారం చూసుకుంటా వేసింది మా అమ్మే. ఆమెకు అరవం రాదు, చదువు రాదు. ఏ సీసా ఏదో గుర్తు కోసం మూతలకు రంగుదారాలు కట్టుకుంది. రెండు నెలలు అక్కడే. మీ అబ్బ కమలాపురం దగ్గరి చేను కుదువపెట్టినాడు. అది మళ్లీ మన చేతికి రాలేదు. పుండు మానింది, పువ్వు మిగిలింది. ఇప్పటికీ ఎడమకన్ను మూసుకుంటే నీ మొహం నాకు పొగమంచులో ఉన్నట్లు కనిపిస్తుంది.

ఆ మరుసటి సంవత్సరం, 1987లో, గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ నేత్రవైద్య సంస్థ మొదలుపెట్టినారు. ఆయన అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన నల్లగుడ్డు వైద్యుడే. ఒక సంవత్సరం ముందు ఉండింటే అని మీ జేజి పోయేదాకా అనుకునేది.

పాపా, నన్ను దెబ్బ కొట్టింది లెన్సు కాదు, నా ఓర్పు. చెప్పు కరిస్తే ఓర్చుకో, ముక్కుపుడక బిగుతైతే ఓర్చుకో, అత్తగారు ఒక మాటంటే ఓర్చుకో అని మన ఇండ్లలో ఆడపిల్లకు నేర్పిస్తారు. చెప్పుల కింద కాలైతే కాయ కట్టి గట్టిపడుతుంది. నల్లగుడ్డుకు ఆ గుణం లేదు. నొప్పి చెప్తుంది, వినకపోతే పుండవుతుంది.

తర్వాత బడిలో సైన్సు చెప్పినన్నాళ్లూ కంటి పాఠం వస్తే ఒక పీరియడు ఎక్కువే తీసుకునేదాన్ని. నల్లగుడ్డులో రక్తనాళాలుండవు. ఉంటే చూపు అడ్డుపడుతుంది. అందుకని అది గాలిలోని ప్రాణవాయువును కన్నీటి పొర గుండా నేరుగా తీసుకుంటుంది. దానిమీద మూత పెట్టినట్లు లెన్సు పెడుతున్నాం. ఆ మూత గుండా గాలి ఎంత పోతుందనేదే అసలు లెక్క. ప్రాగ్ నగరంలో ఒట్టో విచ్టర్లే అనే రసాయన శాస్త్రవేత్త 1961 క్రిస్మస్ సెలవుల్లో పిల్లల ఆటసామానుతో, సైకిల్ డైనమోతో ఇంట్లోనే యంత్రం కట్టి మెత్తని లెన్సు తీసినాడు. నీళ్లు పీల్చుకునే ప్లాస్టిక్ అది. గాలి ఆ నీళ్లలో కరిగి పోవాల్సిందే, అందుకని ఎక్కువ పోదు. 1999 ప్రాంతంలో సిలికోన్ కలిపినవి వచ్చినాయి. వాటిలో గాలి చాలా రెట్లు ఎక్కువ పోతుంది. బ్రయన్ హోల్డెన్ అనే ఆస్ట్రేలియా ఆయన 1984లో మెర్ట్జ్ అనే ఇంకో పరిశోధకుడితో కలిసి, లెన్సు గుండా గాలి ఎంత పోవాలో ఒక కొలత చెప్పినాడు. పగటిపూట వాడే లెన్సుకు ఆ కొలత కనీసం 24 ఉండాలి, కళ్లు మూసుకుని నిద్రపోవాలంటే 87 ఉండాలి. తర్వాత వచ్చినవాళ్లు 87 కూడా చాలదన్నారు. దీన్నే డీకే/టీ అంటారు. నీ లెన్సుకు ఎంతో ఎప్పుడైనా అడిగినావా?

అడిగి ఉండవు. ఇప్పుడు ఎవరూ ఏదీ అడగడం లేదు. కన్ను చూడకుండా, కొలత తీయకుండా, చెప్పుల జత తెప్పించినట్లు ఫోనులో నొక్కి కంట్లో పెట్టుకునేది తెప్పించుకుంటున్నారు. మొన్న మన వీధిలో పెళ్లికి పోతే, అలంకరణకు వచ్చినామె పెళ్లికూతురి కళ్లలో పిల్లికళ్ల రంగు లెన్సులు పెడతా ఉంది. ఆ అమ్మాయికి చూపులో ఏ లోపమూ లేదు. ఎవరి కంట్లోనుంచి తీసినవి అవి, ఏ నీళ్లతో కడిగినవి? అడిగితే ముసల్దానికి ఎందుకన్నట్లు చూసినారు. మా కాలంలో అద్దాలు పెట్టుకున్న పిల్లను కించపరిచినారు, అది తప్పే. ఈ కాలంలో ఉన్న కళ్లు చాలవంటున్నారు, ఇది ఇంకా పెద్ద తప్పు.

సరే, ఇంగ పని మాట. నీ కళ్లకు నెలవారీ లెన్సు వద్దు. రోజువారీది తీసుకో, సిలికోన్ హైడ్రోజెల్ రకం. పొద్దున కొత్త జత, రాత్రి చెత్తబుట్టలోకి. ఖర్చు ఎక్కువే. ప్రతిరోజూ పెట్టుకునేదానికి కుదరకపోతే వారంలో నాలుగు రోజులు లెన్సు, మూడు రోజులు అద్దాలు. నెలవారీదే వాడతానని మొండికేస్తే, మూత తెరిచిన రోజు నుంచి నెల లెక్క, నువ్వు పెట్టుకున్న రోజులు కాదు. డబ్బాలో పాత ద్రావణం మీద కొత్తది పోయొద్దు. ఖాళీచేసి, తాజా ద్రావణంతో కడిగి, బోర్లించి ఆరబెట్టు. మూడు నెలలకొక డబ్బా మార్చు.

నీళ్లు ఎక్కువుండే లెన్సయితే కన్ను చల్లగా ఉంటుందని అంగడివాళ్లు అంటారు. పొడిగాలిలో, ఏసీ గదిలో ఆ నీళ్లే త్వరగా ఆరిపోతాయి. మన ఎండలకూ నీ ఆఫీసుకూ నీటిశాతం తక్కువుండేదే మేలు కావచ్చు, నీ కంటికి పెట్టి చూసి తేల్చుకో. నీ అద్దాల చీటీ పట్టుకుపోయి లెన్సు కొనొద్దు. 4 దాటిన పవరుకు లెక్క మారుతుంది. నీ 5.50 లెన్సులో 5.25 దగ్గరికి రావచ్చు. నీకు సిలిండరు కూడా ఉంది, దానికి టోరిక్ రకం కావాలి, లేకపోతే సాయంత్రానికి తలనొప్పి. లెన్సు వంపు, వెడల్పు నీ నల్లగుడ్డుకు సరిపోయినాయో లేదో యంత్రంలో చూడాలి. రెప్ప కొట్టినప్పుడు లెన్సు కొంచెం కదలాలి. బిగుతు లెన్సు మొదటి గంట హాయిగానే ఉంటుంది, ఆ హాయిని నమ్మొద్దు. పరీక్ష జత ఇప్పించుకో, వారం వాడి మళ్లీ చూపించుకుని, అప్పుడు కొను.

బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, సీసా నీళ్లు, ఉమ్ము, ఏదీ లెన్సును తాకకూడదు. ఆ నీళ్లలో అకాంతమీబా అనే కంటికి కనపడని జీవి ఉండొచ్చు. నల్లగుడ్డులోకి దిగితే నెలల తరబడి వైద్యం. స్నానానికి ముందు లెన్సు తీసెయ్. సబ్బుతో చేతులు కడిగి, బాగా తుడుచుకున్నాకే ముట్టుకో. మిరపకాయలు కోసిన రోజు అద్దాలే పెట్టుకో. లెన్సు పెట్టినాక కాటుక, కాటుక తుడవకముందే లెన్సు తీయడం. రెప్ప లోపలి అంచుకు కాటుక వద్దే వద్దు. నిద్రలో లెన్సు ఉంచుకుంటే కంటికి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం 6 నుంచి 8 రెట్లు అవుతుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ వాళ్లే చెప్తున్నారు. మధ్యాహ్నం కునుకూ నిద్రే.

ఇంకొకటి. వచ్చే నెల నిన్ను చూసేదానికి ఎవరో వస్తారని మీ నాయన చెప్పినాడు. ఆ రోజు అద్దాలు పెట్టుకునే కూర్చో. మీ మామ నన్ను చూసేదానికి వచ్చినప్పుడు నేను అద్దాలతో, ఈ పువ్వుతోనే కూర్చున్నాను. తలుపు దగ్గరే ఆగి, "ఏ కంటితో బాగా కనపడుతుంది?" అని అడిగి, ఆ పక్కకు వచ్చి కూర్చున్నాడు.

ఈ జాబు అందేసరికి నీ ఎడమకన్ను ఇంకా ఎర్రగా ఉన్నా, గుచ్చుకుంటున్నా, వెలుతురుకు మూసుకుపోతున్నా, శనివారం సెలవు కోసం ఆగొద్దు. లెన్సు తీసెయ్. పారెయ్యొద్దు, డబ్బాతో సహా సంచిలో వేసుకో, డాక్టరు పరీక్షకు పంపాల్సి రావచ్చు. మందుల అంగడిలో చుక్కలు అడిగి వేసుకోవద్దు. ఈరోజే కంటిడాక్టరు దగ్గరికి పో. డబ్బులు మీ నాయనను అడగలేకపోతే నాకు ఫోను చెయ్, నా పింఛను పడి ఉంది. చూపించుకున్నాక ఎంత రాత్రయినా సరే, డాక్టరు ఏమన్నాడో నాకు చెప్పు. మేలుకొనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అత్త