ఉప్పు ఎక్కడుంది?

శ్వేతకేతువు 12 ఏళ్ల వయసులో గురుకులానికి వెళ్లి, 24 ఏళ్ల వాడై ఇంటికి తిరిగొచ్చాడు. వేదాలన్నీ చదివాడు. చదువుతోపాటు మెడ వంచని బిగువునూ తెచ్చుకున్నాడు. తండ్రి ఉద్దాలక ఆరుణి అది ఇట్టే పసిగట్టాడు. ఎన్ని నేర్చుకున్నావని అడగలేదు. ఏ ఒక్కటి తెలుసుకుంటే తెలియనివన్నీ తెలిసినట్టవుతుందో, ఆ ఒక్కదాని సంగతి మీ గురువుల్ని అడిగావా అన్నాడు. కొడుకు దగ్గర జవాబు లేదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయం ఇలా మొదలవుతుంది.

తత్త్వచింతనలో ఇంతకన్నా పాత చిక్కు మరొకటి లేదేమో. ఉన్నది ఒక్కటే అయితే కళ్లెదుట ఇన్నెందుకున్నాయి? ఇవన్నీ దేనికదే వేరైతే ఒకదానితో ఒకటి ఎలా పొసగుతున్నాయి? గ్రీకు తత్త్వవేత్త పార్మెనిడీస్ ఉన్నది ఒక్కటేనని, మార్పు అనేదే లేదని తెగేసి చెప్పాడు. ఉద్దాలకుడు అలా తెంచలేదు. కొడుకు చేయి పట్టుకుని వస్తువుల మధ్యకే తీసుకెళ్లాడు.

మొదట మట్టిముద్ద చూపాడు. కుండ, మూకుడు, ప్రమిద అని ఎన్ని పేర్లు పెట్టినా చేతికి తగిలేది మట్టే. తర్వాత బంగారం, ఆ తర్వాత గోళ్లు తీసుకునే చిన్న ఇనుప పనిముట్టు. అంత పెద్ద సత్యానికి అంత చిన్న వస్తువు చాలునన్నది ఆయన నమ్మకం.

ఆ పైన ఒక పరీక్ష పెట్టాడు. 15 రోజులు అన్నం ముట్టకు, నీళ్లు మాత్రం తాగమన్నాడు. పదహారో రోజున వేదం చెప్పమంటే కొడుక్కి ఒక్క మాటా గుర్తుకు రాలేదు. పెద్ద మంట ఆరి మిణుగురు పురుగంత నిప్పురవ్వ మిగిలితే దానితో ఏం కాలుతుంది అన్నాడు తండ్రి. తిని రమ్మన్నాడు. తిన్నాక చదివిందంతా తిరిగొచ్చింది. 12 ఏళ్ల చదువు నాది అనుకున్నవాడికి ఆ చదువు అన్నం మీద నిలబడిందని తెలిసింది. అన్నం నేల మీద, నీటి మీద నిలబడింది. తన బిగువుకు ఆధారమైనదేదీ తనది కాదు. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా దగ్గరగా తోచే ఘట్టం ఇదే. ఏకత్వాన్ని ఆకలి కడుపుతో నేర్పిన తండ్రి ఆయన.

తర్వాత మర్రిపండు తెమ్మన్నాడు. పగలగొడితే సన్నని గింజలు. ఒక గింజను పగలగొడితే ఏమీ కనిపించలేదు. ఆ కనిపించని దానిలోంచే ఇంత మర్రి లేచిందన్నాడు. మరో రాత్రి ఉప్పుగల్లు నీళ్లలో వేయించాడు. తెల్లారి ఆ ఉప్పు తీసివ్వమంటే కొడుకు వెతికాడు, దొరకలేదు. పైనుంచి ఒక గుక్క, నడిమి నుంచి ఒక గుక్క, అడుగు నుంచి ఒక గుక్క తాగించాడు. మూడుచోట్లా ఉప్పే. చేతికి చిక్కనిది నాలుకకు తెలిసింది.

ఈ బోధలో ‘తత్ త్వమ్ అసి’ (అది నీవే) అనే ఒకే మహావాక్యం తొమ్మిదిసార్లు వస్తుంది. ప్రతిసారీ దృష్టాంతం మాత్రం కొత్తదే. ఎన్నో చెట్ల రసాలు ఒక్క తేనెగా మారడం, నదులు సముద్రంలో కలవడం, కళ్లకు గంతలు కట్టి ఎక్కడో వదిలేసిన మనిషి ఊరూరా దారి అడుగుతూ తన గాంధార దేశం చేరుకోవడం. ఉన్నది ఒక్కటేనని చెప్పడానికి కూడా తొమ్మిది తోవలు కావాల్సి వచ్చాయి. అనేకాన్ని తోసేసి ఆయన ఒక్కదాన్ని చూపలేదు. అనేకాన్ని మెట్లుగా పేర్చి ఎక్కించాడు.

ఆ ఒక్క వాక్యమే తర్వాతి ఆచార్యుల చేతుల్లో మూడు దారులైంది. మట్టే సత్యం, కుండ అన్నది పేరు మాత్రమే అన్నారు శంకరులు. కుండ కూడా నిజమే, అది మట్టి పొందిన ఒక అవస్థ. జీవులూ జగత్తూ పరమాత్మకు శరీరం అన్నారు రామానుజులు. ఆ వాక్యంలో పదాలను వేరుగా విడదీసి, తొమ్మిది దృష్టాంతాలూ జీవుడికీ దేవుడికీ ఉన్న భేదాన్నే చెబుతున్నాయన్నారు మధ్వాచార్యులు. ఈ తేడాలు చిన్నవి కావు. అన్నీ ఒకటేనని కలిపేస్తే ముగ్గురికీ అన్యాయం చేసినట్టే. అయినా ఒక్క మాట దగ్గర ముగ్గురూ కలుస్తారు. ఈ అనేకంలో ఏదీ తన కాళ్ల మీద తాను నిలబడలేదు. దాన్ని నిలిపేది వేరే ఉంది.

ఈ మాట మనసుకు పట్టించుకోవడానికి అడవులకు వెళ్లక్కర్లేదు, వంటింట్లోకి వెళితే చాలు. చారు కాచేటప్పుడు చింతపండు పులుపు, మిరియాల ఘాటు, ఇంగువ వాసన దేనికది తెలుస్తూనే ఉంటాయి. ఉప్పు సరిపోయిన రోజు ఉప్పు మాట ఎవరూ ఎత్తరు. అది వేయడం మరిచిన రోజు మాత్రం పులుపు ఉత్త పులుపు, కారం ఉత్త కారం. ఉప్పు పులుపును ఉప్పగా మార్చదు. పులుపును పులుపుగా నిలబెడుతుంది, కారాన్ని కారంగా నిలబెడుతుంది. తాను మాత్రం ఎక్కడా కనిపించదు.

ఆ ఒక్కటీ మనలో చేసేది ఇదేనని నాకు అనిపిస్తుంది. నా మాట, నా తీరు, నా కొలుపు నాకు ఉంటాయి. పక్కింటివారివి వారికి ఉంటాయి. వాటిని చెరిపి ఒకే రంగు పూస్తే అది ఏకత్వం కాదు. ఎదుటి మనిషిలోని రుచి నాది కాకపోయినా, దాన్ని నిలబెట్టిన ఉప్పు నాలో ఉన్నదేనని గుర్తుంటే చాలు. శ్వేతకేతువు వంచనన్న మెడ అక్కడ దానంతట అదే వంగుతుంది.