పుంజును ఎవరికి అమ్మవలెను?



మన పల్లెలలో గేదె లేని యిల్లు ఉండవచ్చును గాని, నాలుగు కోళ్లైనను లేని యిల్లు అరుదు. మా పెరటిలో కూడ ఆరు పెట్టలున్నవి. రెండు సంవత్సరముల క్రిందట వానిలో నల్లపెట్ట పండ్రెండు గ్రుడ్లను పొదిగెను. ఇరువదియొక్క దినములు గ్రుడ్లపై కూర్చుండి, నూకలు తిని నీళ్లు త్రాగుటకు మాత్రమే లేచెడిది. తొమ్మిది పిల్లలు వచ్చినవి. రెండింటిని గద్దయు, ఒకదానిని ముంగిసయు పట్టుకొనిపోయినవి. మిగిలినవానికి మొదటి వారములోనే పశువుల ఆసుపత్రిలో కొక్కెర తెగులు చుక్కలు వేయించితిమి. ఆ పని మానిన యిండ్లలో గంపలు గంపలుగా ఖాళీయగుట మీరును చూచుచున్నారు గదా.

ప్రభువు యెరూషలేమును గూర్చి దుఃఖించినప్పుడు తన్ను రెక్కల క్రింద పిల్లలను చేర్చుకొను కోడితో పోల్చుకొనెను (మత్తయి 23:37). పెరటిలో గద్ద నీడ పడిన క్షణమున ఆ పెట్టను చూచినవారికి ఆ వచనమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. పుంజునకును వేదములో చోటున్నది. పేతురు కథ చెప్పినప్పుడెల్లను ఆదివారపు బడి పిల్లలు కొక్కొరోకోయని కూయుదురు, మేము వద్దనము.

ఆ ఆరింటిలో నాలుగు పుంజులాయెను. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలును. రెండున్నయెడల అవి రక్తము వచ్చునట్లు పొడుచుకొనును, పెట్టల వీపుమీద ఈకలు మిగులవు. కాబట్టి ఎక్కువైన పుంజులను తినవలెను, లేదా అమ్మవలెను. ప్రశ్న ఇక్కడనే పుట్టుచున్నది.

క్రిందటి సంవత్సరము క్రిస్మసుకు ముందు పొరుగూరి మనిషి యొకడు వచ్చి, మా నెమలి పుంజుకు సంత ధరకు ఎన్నో రెట్లు ఇచ్చెను. దేనికని మేము అడుగలేదు. తెలియక కాదు. సంక్రాంతికి ముందు వచ్చి, ఈకల రంగు చూచి, కాళ్లు పట్టి, రొమ్ము తడిమి చూచువాడు కూరకొరకు రాడు. ఆ సొమ్ము మా అమ్మాయి హాస్టలు ఫీజుకు సరిపోయెను. కటికి అంగడిలోనిదానిని విచారింపక తినవచ్చునని పౌలు చెప్పలేదా (1 కొరింథీ 10:25) అని మనస్సునకు చెప్పుకొంటిమి. అయితే ఆ మాట తెలియక కొనువానికి చెప్పినది. తెలిసి అమ్ముచు నోరు మూసికొనువానికి అది చాటు కాదు. అక్కడనే మరి కొంచెము చదివినయెడల, ఇది విగ్రహమునకు అర్పించినదని ఒకడు తెలిపినప్పుడు వాని నిమిత్తము మానవలెనని యున్నది. ఆ భాగమును మేము ఆ దినమున చదువలేదు.

కనుమ మరునాడు మన సంఘపు తల్లి యొకతె బియ్యము అడుగ వచ్చెను. ఆమె కుమారుడు చెరకు కోత కూలి అంతయు బరిలో ఒడ్డి పోగొట్టుకొనెనట. అక్కడ దిగినది మా పుంజేనో కాదో అడుగుటకు మాకు ధైర్యము చాలలేదు. బియ్యము కొలిచి యిచ్చితిమి.

ఈ సంగతి సంఘపెద్దలతో చెప్పగా ఒక పెద్దాయన, “అయ్యగారూ, క్రిస్మసుకు మీరు కోస్తే కూర, పండక్కి వాళ్లు కత్తి కడితే పాపమా? ఎలాగైనా చచ్చేదే గదా కోడి!” అనెను. ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, త్రోవలో పక్షిగూడు దొరికినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని యున్నది. దేవుడు తినవద్దనలేదు, తీసికొను చేతికి హద్దు పెట్టెను. కూరకు కోసినప్పుడు ఆ బాధ క్షణములో ముగియును. బరిలోనైతే, పెట్టలను కాచుటకు దేవుడిచ్చిన రోషమునకే కత్తి కట్టి, అది ఎంతసేపు సాగిన అంత వేడుకయని చుట్టు నిలుచుందురు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము దీనిని నేరమనుచున్నది. 2016లో హైకోర్టును ఆపుమని ఆజ్ఞాపించెను. అయినను మా గోదావరి ప్రాంతమున భోగినాడు బరులు లేచుచునే యున్నవి. చట్టమునకు మాత్రమే భయపడువాడు పోలీసు అటు తిరిగినప్పుడు ఏమి చేయును?

పెద్దాయన ఒప్పుకొనలేదు. “మీకు జీతముంది. ఆ చివరింటి విధవరాలికి ఒక్క పుంజే. ఆ ధర ఆమెకు రెండు నెలల ఉప్పూ నూనే,” అనెను. దీనికి మాయొద్ద జవాబు లేకపోయెను. తుదకు రెండు తీర్మానములు చేసితిమి. పుంజులను ఆరవ నెలలోనే, పందెమునకు పనికిరాక మునుపే కూరకు అమ్మవలెను. ధర తక్కువే గాని మేతయు తక్కువే. పేదల యిండ్లలో ఇప్పటికే ఎదిగియున్న పుంజులను క్రిస్మసు ప్రేమవిందుకు సంఘమే మంచి ధరకు కొనవలెను. అందుకు చందా వేయవలెను.

గత గురువారము ఆ మనిషి మరల వచ్చెను. ఈసారి దేనికని అడిగితిమి. “తెలీనట్టు అడుగుతారేంటి అయ్యగారూ?” అని నవ్వెను. తెలియును గనుకనే ఇయ్యమంటిమి. అతడు కోపపడలేదు; సైకిలు త్రిప్పుకొని చివరింటి వైపు వెళ్లెను. కొంతసేపటికి ఆ విధవరాలి పుంజు అరపు వినబడెను, తరువాత సైకిలు గంట. ప్రేమవిందు చందా అప్పటికి ఇంకను మొదలుపెట్టలేదు.